తొండకు పానుపు

విద్యార్థి సంఘం కార్యదర్శి మొన్న ఇంటికొచ్చి, "సార్, ఈ ఏడు సావనీరుకు మీరేదైనా రాయాల. పాత విద్యార్థీ మీరే, పాత లెక్చరరూ మీరే గదా" అన్నాడు. పాత అన్న మాటను రెండుసార్లూ కాస్త నొక్కే పలికాడు. ఏం రాయమంటావు నాయనా అంటే, "మీ ఇష్టం సార్, విద్యార్థులకు పనికొచ్చేది ఏదైనా సరే" అన్నాడు. విద్యార్థులకు పనికొచ్చే మాటలు 1980 నుంచి 2012 దాకా తరగతి గదిలో చెబుతూనే వచ్చాను. అవి ఎందుకు పనికొచ్చాయో విన్నవాళ్లే చెప్పాలి. అంచేత ఈసారికి నాకు పనికొచ్చిన సంగతి ఒకటి రాస్తాను. అది, ఒక తొండ కింద ఏం పరవాలి అన్న విషయం. నవ్వకండి. ఆ ఒక్క ప్రశ్నకు నేను రెండుసార్లు తప్పు జవాబు రాశాను. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, ముప్ఫై రెండేళ్లు అదే పాఠం చెప్పినవాణ్ణి.

2020 జనవరిలో నేనూ మా ఆవిడా మెల్బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. ఉగాదికి అనంతపురంలో ఉండాలని ముందే తిరుగు టిక్కెట్లు తీసుకున్నాం. మార్చిలో ఆస్ట్రేలియా సరిహద్దులు మూసింది, మన దేశం విమానాలు ఆపింది. ఆ ఉగాదీ, ఆ దసరా, ఆ దీపావళీ అన్నీ అక్కడే అయిపోయాయి. అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. అల్లుడు ఇంట్లోనే గదిలో తలుపేసుకుని కంప్యూటరుతో మాట్లాడుతుంటాడు. పదేళ్ల మనవడికి బడి లేదు. మిగిలింది నేనూ, మా ఆవిడా, హాల్లో మూలన నాలుగడుగుల అద్దాల పెట్టె, అందులో భీముడూ.

భీముడంటే మూరెడు పొడవున్న తొండ. అక్కడివాళ్లు బియర్డెడ్ డ్రాగన్ అంటారు. శాస్త్రంలో పొగోనా విట్టిసెప్స్. పొగోన్ అంటే గ్రీకు భాషలో గడ్డం. కోపమొస్తే గొంతు కింది ముళ్ల చర్మం ఉబ్బి నల్లబడుతుంది, నిజంగానే గడ్డం పెంచిన పెద్దమనిషిలా కనిపిస్తుంది. ఆస్ట్రేలియా లోపలి మెట్టప్రాంతాలు దాని పుట్టిల్లు. అక్కడ దాన్ని అడవిలోంచి పట్టి తేవడం నేరం. పెంపకంలో పుట్టినదాన్నే కొనుక్కోవాలి. అమ్మాయి 2019లో లైసెన్సు తీసుకుని వేలెడంత పిల్లను తెచ్చింది. మనవడు టీవీలో భారతం చూస్తున్న రోజులు గనక భీముడని పేరు పెట్టాడు.

మా ఆవిడ దాన్ని మొదటిసారి చూసి, "తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు, ఇదేందండీ ఇంకా ముదిరింది" అంది. దానికి మేతగా అమ్మాయి కీచురాళ్లనూ, డబ్బాలో బొద్దింకలనూ డబ్బిచ్చి కొంటోందని తెలిసిన రోజున అన్నం సరిగా తినలేదు.

నేను మాత్రం దాన్ని చూడగానే గుర్తుపట్టాను. మన కంచెల మీద ఎండ కాచుకుంటూ తల ఊపే తొండా, అదీ ఒకే కుటుంబం, అగామిడే. దవడ ఎముక అంచుకే అతుక్కుపోయిన పళ్లు దీనికీ ఉన్నాయి, దానికీ ఉన్నాయి. నడినెత్తిన చుక్కలాంటి మూడో కన్ను రెండింటికీ ఉంది. పురుగును నాలుకతోనే అంటించుకుని నోట్లోకి లాక్కోవడం ఇద్దరికీ అలవాటు. ఈ నాలుక సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇంత బాగా ఎలా తెలుసంటే, కోసి చూశాను గనక. మా రోజుల్లో బీయస్సీ ప్రాక్టికల్సులో తొండ తప్పనిసరి. గాజు జాడీలో క్లోరోఫాం దూది, అందులో తొండ, పది నిమిషాల్లో మైనం ట్రేలో వెల్లకిలా, నాలుగు కాళ్లకూ గుండుసూదులు. విద్యార్థిగా కోసినవి, లెక్చరరుగా కోయించినవి కలిపి ఎన్నో లెక్క పెట్టలేదు. ఒక్కొక్క ఏడాది బ్యాచీకి బ్యాచీ చొప్పున వేసుకున్నా వందలు దాటతాయి. ఎర్రరంగు నింపిన ధమనులు రికార్డులో అందంగా వేసినవాడికి నేనే పది మార్కులు వేశాను. 2014లో యూజీసీ ఈ కోతలు ఆపమన్నప్పుడు, అప్పటికే రిటైరయిన నేను, "ఇక వీళ్లేం నేర్చుకుంటారు" అని విసుక్కున్నవాళ్లలో ఒకణ్ణి.

సరే, అసలు సంగతి. మేం వెళ్లేసరికి భీముడి పెట్టెలో కింద వంటింటి కాగితం పరిచి ఉంది. మనవడు రోజూ పొద్దున్నే లేచి పాతది తీసి కొత్తది పరిచేవాడు. పక్కనే ఒక నోటుబుక్కు. తేదీ, దీపం కింద ఎంత వేడి, ఏం తిన్నది, దొడ్డికి పోయిందా లేదా, అన్నీ గళ్లు గీసి రాసేవాడు. వాళ్లమ్మ నర్సు, అందుకే ఈ బుద్ధి వచ్చింది కాబోలు. నాకు ఆ నోటుబుక్కు నచ్చింది గానీ ఆ కాగితం నచ్చలేదు. ఎడారి జంతువును తెచ్చి ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టినట్టు ఉంది. "ఇసుక పరిస్తే వాడికి పుట్టింటి నేల తగిలినట్టుంటుంది గదా" అన్నాను. అమ్మాయి, "ఇసుక వద్దంటారు నాయనా, మింగుతుందంట" అంది. నేను ఆ మాటకు నవ్వాను. తొండలను కోసినప్పుడు కడుపులో చీమలతో పాటు నాలుగు ఇసుకరేణువులు కనబడటం నాకు అలవాటే. అడవిలో తినలేదా, బతకలేదా అన్నది నా వాదన. అమ్మాయికి ఆ నెలలో డ్యూటీల మీద డ్యూటీలు. "నీకు తెలుసులే నాయనా" అంది. ఆ ఒక్క మాట చాలింది నాకు.

అంగడిలో పిల్లవాడు కూడా నా పక్షమే. ఎర్ర ఎడారి ఇసుక అని అందమైన సంచులు చూపించాడు. ఇంకో సంచి చూపించి, ఇది సున్నపు ఇసుక, మింగినా కరిగిపోతుంది, కాల్షియం కూడా వస్తుంది అన్నాడు. అంత ఆశ వద్దులే అని ఎర్ర ఇసుకే రెండు సంచులు తెచ్చి, మూడు వేళ్ల మందాన పోశాను. చూడ్డానికి ఎంత బాగుందంటే, ఫొటో తీసి మా 1978 బ్యాచీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పాతమిత్రులందరూ బొటనవేళ్లు ఎత్తారు. మనవడు కూడా మొదట సంబరపడ్డాడు. భీముడు నడిచినచోట తోక గీసిన గీత, దానికి అటూ ఇటూ అడుగులు.

అంతటితో ఊరుకోలేదు. ఇసుక వేడిని పట్టి ఉంచుతుంది గదా, వంద వాట్ల దీపమెందుకు, అరవై చాలునని దీపం మార్చాను. కరెంటు బిల్లు చూసి అల్లుడు ఏమనుకుంటాడో అన్న బెంగ కూడా ఉందనుకోండి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్కడ జూన్, జూలై, ఆగస్టు చలికాలం. నేను మార్చింది జూన్‌లో.

ఆగస్టు మొదటివారంలో మనవడు నోటుబుక్కు తెచ్చి చూపించాడు. "తాతా, ఆరు రోజులైంది, భీముడు దొడ్డికి పోలేదు. తినడం కూడా లేదు." నేను కళ్లద్దాలు సవరించుకుని, సరీసృపాలు చలికాలంలో మందగిస్తాయనీ, దాన్ని బ్రూమేషన్ అంటారనీ, ఎలుగుబంటి నిద్రకూ దీనికీ తేడా ఏమిటో కూడా చెప్పి, ఒక చిన్న పాఠం ముగించాను. వాడు శ్రద్ధగా విని ఆ గడిలో 'బ్రూమేషన్, తాత చెప్పారు' అని రాసుకున్నాడు. అది అబద్ధపు పాఠం కాదు. అలాంటి మందం నిజంగానే ఉంది. కాకపోతే, రోగి ఎదురుగా ఉండగా పుస్తకం చూసి చెప్పిన పాఠం.

ఇంకో మూడు రోజులకు భీముడు వెనక కాళ్లు ఈడుస్తున్నాడు.

మెల్బోర్న్‌లో అవి ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులు. రాత్రి ఎనిమిదైతే కర్ఫ్యూ. వైద్యానికి మినహాయింపు ఉంది గనక అల్లుడు పగటిపూటే కారు తీశాడు. మనవడు వస్తానన్నాడు, వద్దన్నాం. వాడు భీముణ్ణి తువ్వాలులో చుట్టి, డబ్బాలో పెట్టి, వేడినీళ్ల సీసా ఒకటి పక్కన సర్ది, నోటుబుక్కు నా చేతికిచ్చాడు. నా మొహం చూడలేదు.

ఆస్పత్రి లోపలికి మనుషులను రానివ్వరు. డబ్బా వాకిట్లో ఇచ్చి కారులో కూర్చోవాలి, డాక్టరు ఫోను చేస్తుంది. అల్లుడికి అదే సమయానికి ఆఫీసు ఫోను. అంచేత డాక్టరమ్మ ఫోను నా చేతికొచ్చింది. గొంతు వింటే మా ఆఖరి బ్యాచీ పిల్లల వయసుంటుంది. వరసగా అడిగింది. కింద ఏం పరిచారు? దీపం కింద, అది కూర్చునే చోట, వేడి ఎంత? చల్లటి పక్కన ఎంత? అతినీలలోహిత కిరణాల ట్యూబు ఎప్పుడు మార్చారు? కీచురాళ్లకు కాల్షియం పొడి అద్దుతున్నారా? నీళ్లు ఎలా తాగుతుంది?

నా జీవితంలో కొన్ని వందల మందికి వైవా పెట్టాను. తెలియని ప్రశ్నకు విద్యార్థి ఎలా గొంతు సవరించుకుంటాడో నాకు బాగా తెలుసు. నేనూ అలాగే సవరించుకున్నాను. నోటుబుక్కు తీస్తే మనవడి గళ్లలో అన్నీ ఉన్నాయి. మే నెలలో దీపం కింద నలభై డిగ్రీలు. జూన్ నుంచి ముప్ఫై ఒకటి. ప్రతిరోజూ ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటి అని రాసి, ఒకచోట పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు. దాన్ని నేను చూడనే లేదు.

ఎక్స్‌రే బొమ్మ అల్లుడి ఫోనుకు వచ్చింది. పేగు ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆ బొమ్మలో నాకు ఎవరూ చూపించనక్కర్లేదు. ఆ మలుపు దగ్గర తెల్లగా, సున్నం ముద్దలా ఇసుక.

ఆ డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది. నిదానంగా చెప్పింది. కీచురాయి కోసం నాలుక చాపినప్పుడల్లా ఇసుక అంటుకుని లోపలికి పోతుంది. కొంచెం పోయినా ఒంట్లో వేడీ, నీరూ సరిగా ఉంటే బయటికి వెళ్లగొట్టేస్తుంది. పాముకైనా తొండకైనా అరగడానికి నిప్పు లోపల లేదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. ముప్ఫై ఒకటి డిగ్రీల దగ్గర పేగు కదలిక మందగించింది, ఇసుక అక్కడే ఆగిపోయింది. "ఒక్క ఇసుకదే తప్పు కాదు" అంది. అది నా మీద జాలితో అన్నదో, నిజంగా అన్నదో అప్పట్లో తెలియలేదు. తర్వాత చదివినకొద్దీ, అదే సరైన మాట అనిపించింది. మనం ఇసుకను తిట్టి చేతులు దులుపుకుంటాం గానీ, చల్లబడిన పొట్టలో కీచురాయి పెంకు కూడా రాయే. నేను కోసిన తొండల కడుపులో ఇసుక ఉండేదన్న మాట వాస్తవమే. అవి మన ఎండల్లో తిరిగిన తొండలు.

చర్మం కింద ద్రవాలు ఎక్కించి, మందు ఇచ్చి, ఇంటికి పంపింది. రోజుకు రెండుసార్లు గోరువెచ్చటి నీళ్లలో రొమ్ము దాకా మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, పొట్ట మీద మెత్తగా వేలితో రాయాలి. గట్టిగా నొక్కకూడదు. దీపం పాతదే పెట్టాలి. కింద కాగితమే పరవాలి. ఫోనులో ఆవిడ మాటమాటకూ 'షీ, షీ' అంటూనే ఉంది. ఇంగ్లీషువాళ్లు ఓడనూ, కారునూ కూడా షీ అంటారు గదా, అలవాటు కాబోలు అనుకున్నాను. ఇది కూడా గుర్తుంచుకోండి.

ఆ నాలుగు రోజులూ ఆ నీళ్లు పట్టే పని నాది. మనవడు అడిగి నాకు ఇచ్చింది కాదు, అమ్మాయి అప్పగించింది. ప్లాస్టిక్కు టబ్బులో భీముడు నా అరచేతి మీద గడ్డం ఆనించి కూర్చునేవాడు. బొటనవేలితో పొట్ట రాస్తుంటే లోపల గట్టి ముద్ద చేతికి తగిలేది. ఈ పొట్టను ఎక్కడ కోస్తే ఏ ధమని తెగకుండా తెరుచుకుంటుందో నాకు తెలుసు. మూసి ఉన్నదాన్ని ఏం చెయ్యాలో మాత్రం పదేళ్ల పిల్లవాడు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసి చెప్పాలి. "ఇరవై అయింది" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. తాతా అని కూడా అనేవాడు కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం టబ్బులో నీళ్లు ఎర్రబడ్డాయి. మొదట రక్తమనుకుని నా గుండె ఆగినంత పనైంది. రక్తం కాదు, ఆ ఎర్ర ఇసుక. పాలరాతి గోలీ అంత ముద్ద, దాని వెనక ఇంకొంత. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఏ బిడ్డకో జ్వరం దిగినట్టు, "తిరుపతికొస్తాం స్వామీ" అంది. ఆ తొండ వంక ఆమె ఇష్టంగా చూడటం అదే మొదలు. మనవడు పరుగెత్తి నోటుబుక్కు తెచ్చి రాసుకున్నాడు. సంతోషించాడు. నాతో మాత్రం కాదు.

ఇక ఏం పరవాలి? ఈసారి నేను చదివి మరీ నిర్ణయించాను. చెక్కపొట్టు వద్దు. దేవదారు లాంటి చెక్కల్లో ఘాటునూనెలు ఊపిరికి మంచివి కావు. అక్రోటు పెంకుల పొడి అమ్ముతారు, అంచులు బ్లేళ్లలా ఉంటాయి, మింగితే ఇసుకే నయం. ఆ అంగడి అబ్బాయి చెప్పిన సున్నపు ఇసుక తడి తగిలితే గట్టకడుతుంది. పొట్టలో తడి కాక ఏముంటుంది? తివాచీ ముక్కల్లాంటివి ఉన్నాయి, దారాల్లో గోళ్లు చిక్కుకుంటాయి, ఎంత ఉతికినా మురికి లోపలే ఉంటుంది. చివరికి గరుకు బండలు తెచ్చి పరిచాను. మన షాబాదు బండలాంటి పలకరాళ్లు. దీపం కింద వేడి పట్టి ఉంచుతాయి, గోళ్లు వాటంతటవే అరుగుతాయి, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రం, మింగడానికి రేణువు లేదు. నాకు అది నూటికి నూరు మార్కుల జవాబులా కనిపించింది. అక్టోబరు వచ్చింది, ఎండలు వచ్చాయి, భీముడు బండ మీద నోరు తెరుచుకుని రాజులా కూర్చున్నాడు. మనవడు మళ్లీ తాతా అంటున్నాడు, అన్నానికి పిలవడానికి మాత్రం.

నవంబరులో మెల్బోర్న్ చుట్టూ ఉన్న ఆంక్షలు ఎత్తేశారు. నెలల తరబడి ఇంట్లో మగ్గినవాళ్లం, అల్లుడు కారు తీసి ఉత్తరంగా మిల్డ్యూరా వైపు ఐదువందల పైచిలుకు కిలోమీటర్లు తీసుకెళ్లాడు. బెండిగో దాటి, ఊయెన్ దాటాక నేల రంగు మారింది. కారు అద్దంలోంచి చూసి మా ఆవిడ, "ఏమండీ, మన ధర్మవరం దారి మాదిరి లేదూ" అంది. నిజమే. ఎర్రనేల, పొట్టి పొట్టి చెట్లు, మధ్యమధ్య బోడి మైదానం. మ్యాలీ అంటారు ఆ ప్రాంతాన్ని, ఆ చెట్లనూ. హట్టా దగ్గర అడవి ఉంది, ప్రభుత్వం కాపాడే అడవి. అక్కడ కంచె గుంజ మీద మనవడే ముందు చూశాడు. ఆపండి ఆపండి అని అరిచాడు.

గుంజ మీద భీముడే. మన భీముడు కాదు గానీ అదే గడ్డం, అదే బూడిదరంగు. మేం ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాం. కాసేపు చూసి, అది గుంజ దిగి పొద కిందికి నడిచింది. నేను దాన్ని చూడలేదు, దాని కాళ్ల కింద చూశాను. దిబ్బల మీద ఇసుక ఉన్నమాట నిజమే. అది నడిచిన చోట మాత్రం వాన పడి, ఎండి, గట్టిపడిన ఎర్రమట్టి. బొటనవేలితో నొక్కితే దిగదు. పైన పలచగా దుమ్ము, ఆకులు, పుల్లలు. పొద మొదట్లో ఎవరో తవ్వినట్టు మెత్తటి మట్టి, దాంట్లో ఒక గుంత. నేను సంచిలో కొన్న ఇసుకా కాదు, నేను పరిచిన బండా కాదు. మా ఊళ్లో మా అమ్మ ఎర్రమన్ను పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, అలికిన ఇంటి నేల. చిన్నప్పుడు నేను దానిమీదే పడుకున్నాను. ఎడారి అనగానే నాకు ఇసుకే ఎందుకు తోచిందో, సినిమాల్లో చూసిన ఒంటెల వల్లనేమో.

అక్కడి మట్టి చిటికెడు కూడా తేకూడదు. చూసి వచ్చాం.

తిరిగొచ్చిన వారానికి భీముడికి పిచ్చెక్కినట్టయింది. తిండి లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా పెట్టె మూలన ముందుకాళ్లతో బండను గీకడం. గర్, గర్ అని రాత్రి నా పడకగదిదాకా వినబడేది. మనవడు నా వైపు చూశాడు. ఈసారి నేను పాఠం చెప్పలేదు. "నీ నోటుబుక్కు తీసుకురా, మీ అమ్మను లేపు" అన్నాను. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న అమ్మాయి లేచొచ్చి, రెండు చేతుల్లోకి తీసుకుని పొట్ట తడిమి, నర్సు గొంతుతో అంది: "నాయనా, దీని పొట్టలో గోలీలు పోసినట్టుంది. ఇది మగది కాదు."

తోక ఎత్తి, తొడల కింద రంధ్రాలు చూస్తే తేలిపోయే సంగతి. ప్రాక్టికల్సులో ఆడా మగా అడిగి నేనే మార్కులు కోసేవాణ్ణి. భీముడు అన్నారు గనక మగదే అనుకున్నాను, అంతే. డాక్టరమ్మ షీ అన్నది ఓడ లెక్కన కాదు. కోడి మాదిరే, ఇవి మగ తోడు లేకపోయినా గుడ్లు పెడతాయి, పిల్లలు కావు అంతే. కానీ పెట్టాలంటే తవ్వాలి. తవ్వడానికి చోటు లేకపోతే కొన్ని గుడ్లను లోపలే ఆపేసుకుంటాయి, ఆపుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నా నూటికి నూరు మార్కుల బండ మీద ఆ పిచ్చిది పది రోజులుగా గోతి తవ్వాలని చూస్తోంది.

డాక్టరమ్మకు ఫోను చేస్తే, ఆవేళే ఒక లోతైన డబ్బాలో తడిమట్టి పోసి అందులో వదలమంది. ఎరువు కలపని తోటమట్టి, కడిగిన ఇసుక తెచ్చాం. ఎంత తడి ఉండాలన్నది తేలలేదు. పొడిగా ఉంటే గోతి కూలుతుంది, ఎక్కువైతే బురద. అల్లుడు ఫోనులో చూస్తున్నాడు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ మా ఆవిడ కొంగు దోపుకుని కూర్చుంది. "ఇటివ్వండి. పిడికిట పడితే ఉండ కావాల, పిండితే నీళ్లు రాకూడదు. ఇల్లు అలికినోళ్లకు చెప్పాల్నా?" అని మూడుపాళ్ల మట్టికి రెండుపాళ్ల ఇసుక కలిపి, జానెడు పైన లోతున అదిమి, ఒక మూల వేలితో చిన్న బొరియ కూడా మొదలుపెట్టి ఇచ్చింది.

వదిలిన ఐదు నిమిషాలకు తవ్వడం మొదలుపెట్టింది. దుప్పటి కప్పి, అందరం గదిలోంచి వచ్చేశాం. గంటకోసారి మనవడు ఒక్కడే అంచు ఎత్తి చూసి వచ్చేవాడు. తోక ఒక్కటే బయటుందన్నాడు. తర్వాత తలకాయ ఒక్కటే బయటుందన్నాడు. సాయంత్రానికి పూడ్చేసి, మూతితో పొడిచి పొడిచి మట్టిని గట్టి చేస్తోందన్నాడు. దిమ్మిస కొట్టినట్టేనట. తీసి లెక్కపెడితే పందొమ్మిది గుడ్లు, తెల్లగా, మెత్తగా, చింతపిక్కలకన్నా కొంచెం పెద్దవి. ఖాళీ పొట్టతో, మట్టికొట్టుకున్న మొహంతో ఆ తల్లి వెళ్లి దీపం కింద పడుకుంది. పేరు మార్చాలా అన్న చర్చ జరిగింది. హిడింబి అన్నాడు అల్లుడు. మనవడు ఒప్పుకోలేదు. భీముడే, అంతే.

ఆ తర్వాత పెట్టెలో నేల ఎవరు వెయ్యాలన్న ప్రశ్న రాలేదు. మేం ముగ్గురం వేశాం. అదే మట్టీ ఇసుకా, నీళ్లు చల్లి, అరచేతి మందాన పరిచి, చెక్కముక్కతో దిమ్మిస కొట్టి, వారం రోజులు ఆరబెట్టాం. దీపం కింద మాత్రం ఒక బండ ఉంచాం. మూలన మెత్తటి తడిమట్టి డబ్బా. ఇదే అందరికీ సరైనదని చెప్పను. పిల్ల తొండకూ, జబ్బు తొండకూ అమ్మాయి మొదట పరిచిన కాగితమే ఇప్పటికీ మేలు. రోజూ చూసి, వేడి కొలిచి, మలం ఎత్తే ఓపిక ఉన్నవాళ్లకు మట్టి. ఆ ఓపిక లేనివాళ్లకు బండ, దాంతోపాటు తవ్వుకోవడానికి ఒక డబ్బా. కొలిచే కొలబద్ద లేకపోతే ఏది పరిచినా ఒకటే.

మట్టి ఆరిన రోజు పొద్దున మనవడు బొటనవేలితో నాలుగు మూలలా నొక్కి చూశాడు. దిగలేదు. భీముణ్ణి వదిలాడు. అది నాలుగడుగులు నడిచి, నాలుక చాపి నేలను ఒకసారి తాకి చూసి, బండ ఎక్కి కూర్చుంది. వాడు నోటుబుక్కు తీసి రాశాడు. దీపం కింద నలభై ఒకటి, చల్లటి పక్క ఇరవై ఐదు, నేల గట్టిగా ఉంది. రాసి, ఆ పేజీ అడుగున స్కేలు పెట్టి ఒక గీత గీసి, పెన్ను నా చేతికిచ్చి, "ఇక్కడ సంతకం పెట్టు తాతా, చెక్ చేసినట్టు" అన్నాడు. నేను లేచి, నా కొలబద్ద తెచ్చి, దీపం కింద పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, చదివి, అప్పుడు పెట్టాను.